బలి చక్రవర్తి తెలిసే ఇచ్చాడు

దీపావళి మరునాడు బలి పాడ్యమి. కార్తీక మాసంలో మొదటి రోజు. మన పంచాంగాల్లో ఆ పేరు అచ్చయి ఉంటుంది గానీ, కన్నడిగులు, మరాఠీవారు చేసుకున్నంతగా తెలుగిళ్ళల్లో ఆ రోజును చేసుకోవడం తక్కువ. ఇక్కడ అమెరికాలో అయితే ముందు రోజు రాత్రి కాకరపువ్వొత్తులు, మిఠాయిలు అయ్యాక తెల్లారితే ఆఫీసు, పిల్లలకు స్కూలు. బలి చక్రవర్తిని తలుచుకునే తీరిక ఎవరికీ ఉండదు. అయినా ఈ పండుగ సంచికలో పాఠానికి మేము ఆయన కథనే తీసుకున్నాం. మనలో చాలామందిమి పడుతూ, గుడిలో ప్రసాదం దగ్గర కూడా ఒకరితో ఒకరం చెప్పుకోని ఒక ఇబ్బంది ఆ కథలో ఉంది.

ఆ ఇబ్బంది ఏమిటో మీకు తెలుసు. శనివారం పొద్దున్నే ఇండియా నుంచి ఫోను వస్తుంది. పిన్ని కొడుకో, మేనమామో, చిన్నప్పుడు మనల్ని సైకిలు మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళిన దూరపు బాబాయో. కుశల ప్రశ్నలు అయ్యాక గొంతు కాస్త తగ్గుతుంది. ఆపరేషనంటారు, పిల్ల పెళ్ళంటారు, అబ్బాయి కాలేజీ ఫీజంటారు, బ్యాంకువాళ్ళు ఇల్లు వేలం వేస్తామంటున్నారంటారు. రెండు లక్షలో, ఐదు లక్షలో కావాలి, అదీ సోమవారం లోపల. ఫోను పెట్టేశాక మన మనసులో రెండు మాటలు ఒకేసారి లేస్తాయి. ఒకటి, పాపం. రెండోది, ఇది నిజమేనా?

ఆ రెండో మాట అనుకున్నందుకు మనకే సిగ్గేస్తుంది. సొంతవాళ్ళను అనుమానించకూడదని మనల్ని పెంచినవాళ్ళు చెప్పారు. అలాగని నమ్మి పంపించి, ఆర్నెల్ల తర్వాత వేరెవరి నోటో "ఆపరేషనా? ఎవరికి?" అని విన్నవాళ్ళూ మన మధ్య ఉన్నారు. మరి అనుమానం తప్పా, ఒప్పా? అడిగేవాడి మాట వెనక ఏదో దాగి ఉందని పక్కనున్న పెద్దమనిషి హెచ్చరించడం, ఇచ్చేవాడు ఆ హెచ్చరిక విని ఆలోచించుకోవడం, ఇదంతా భాగవతం అష్టమ స్కంధంలో, వామన చరిత్రలో, ఉన్నదున్నట్టుగా ఉంది.

కథ అందరికీ తెలిసిందే. మనకు కావలసిన చోట మాత్రం కాస్త నిలబడి చూద్దాం.

నర్మదా నది ఉత్తర తీరాన, భృగుకచ్ఛమనే చోట బలి అశ్వమేధం చేస్తున్నాడు. అదే నేటి గుజరాత్‌లోని భరూచ్ అంటారు. గొడుగు, దండం, కమండలం పట్టుకుని ఒక పొట్టి బ్రహ్మచారి యాగశాలకు వచ్చాడు. బలి ఎదురు వెళ్ళి కాళ్ళు కడిగి, ఏం కావాలో అడగమన్నాడు. గోవులా, బంగారమా, ఊళ్ళా, ఏనుగులా? వామనుడు తన పాదంతో మూడడుగుల నేల చాలన్నాడు. చిన్నవాడివి, అడగడం కూడా నీకు తెలియలేదన్నాడు బలి. మూడడుగులతో తృప్తి పడనివాడికి ఒక ద్వీపం ఇచ్చినా తృప్తి ఉండదని వామనుడు జవాబిచ్చాడు.

అప్పుడు శుక్రాచార్యుడు కలగజేసుకున్నాడు. వచ్చినవాడు విష్ణువు, అడిగేది పేరుకు మూడడుగులు, పోయేది నీ మూడు లోకాలూ, అవి చేరేది ఇంద్రుడికి అని తేల్చి చెప్పాడు. ఆయన మాటలో అబద్ధం ఒక్క ముక్క లేదు. అనుమానించాడు, అనుమానం నిజమైంది. ఇంకో మాట కూడా గమనించాలి. వామనుడు చెప్పుకున్న కథ వేరైనా, దాని వెనకున్న అవసరం మాత్రం నిజం. అదితి కొడుకులు ఉన్న చోటు పోగొట్టుకుని తిరుగుతున్నారు. తల్లి ఏడ్చి వ్రతం పడితే ఆమె కడుపున పుట్టి, అన్నల కోసం అడగడానికి వచ్చినవాడు వామనుడు. సరదాగా వరస కలిపి చూడండి. బలికి తాత ప్రహ్లాదుడు, ముత్తాత హిరణ్యకశిపుడు. హిరణ్యకశిపుడూ వామనుడూ ఇద్దరూ కశ్యపుడి కొడుకులే, తల్లులు వేరు. అంటే ఆ రోజు యాగశాలకు వచ్చి చెయ్యి చాచినవాడు బలికి ముత్తాత తరం చుట్టం!

శుక్రుడు ఉత్తినే వద్దనలేదు. గృహస్థు ధర్మం కూడా చెప్పాడు. బతుకుతెరువునే దెబ్బ తీసే దానాన్ని పెద్దలు మెచ్చుకోరన్నాడు. సంపాదనను ఐదు వాటాలు చెయ్యాలన్నాడు: ధర్మానికి ఒకటి, మంచి పేరుకు ఒకటి, సంపద పెరగడానికి ఒకటి, మన సుఖానికి ఒకటి, మనవాళ్ళకు ఒకటి. ఇంకా ముందుకు వెళ్ళి, ప్రాణం మీదికో జీవనం మీదికో వచ్చినప్పుడు ఒక అబద్ధం ఆడినా దోషం లేదు, లేదని చెప్పి తప్పించుకోమన్నాడు.

బలి వెంటనే జవాబు చెప్పలేదు. ఒక్క క్షణం మౌనంగా ఉన్నాడని భాగవతం చెబుతోంది. చెప్పే ఆ శ్లోకంలో ఆయన్ను చక్రవర్తి అనలేదు, గృహపతి అంది. అంటే ఇల్లుగలవాడు. ఆ మాట చదివినప్పుడల్లా మాకు ఆశ్చర్యమే. యాగశాలలో మూడు లోకాల ప్రభువుకు వచ్చిన చిక్కు, మన వంటగదిలో ఫోను పట్టుకుని నిలబడ్డవాడికి వచ్చే చిక్కూ ఒకటేనన్నమాట. మౌనం తర్వాత ఆయన గురువుతో, మీరు చెప్పిన గృహస్థ ధర్మం సత్యమే, కానీ ఇస్తానని నోటితో అన్నాక ప్రహ్లాదుడి మనవణ్ణి వెనక్కి తీసుకోలేను అన్నాడు. వచ్చినవాడు విష్ణువైనా సరే, శత్రువైనా సరే ఇస్తానన్నాడు. ఆయన మోసపోలేదు. చెప్పినది విని, తెలిసి, ఇచ్చాడు.

శుక్రుడు ఊరుకోలేదు. ముందు శపించాడు. తర్వాత, మన పోతన గారి భాగవతంలో వచ్చే ఘట్టం, దానధార పడకుండా కలశం రంధ్రానికి తానే అడ్డుపడ్డాడు. వామనుడు దర్భ కొసతో పొడిస్తే ఒక కన్ను పోయింది. ఆయన సలహా చెప్పినంతవరకు ఎవరూ ఆయన్ను తప్పు పట్టలేదు. ఇచ్చేవాడు నిర్ణయించుకున్నాక నీళ్ళకు అడ్డుపడినప్పుడే దెబ్బ తగిలింది. అనుమానం ఒక కన్ను. అడిగేవాడి మాటలో మెలిక దానికి కనిపిస్తుంది. అడిగేవాడు ఎందుకు అలా అడగాల్సి వచ్చిందో కనిపించాలంటే రెండో కన్ను కావాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఫోను వచ్చినప్పుడు మనం రెండు ప్రశ్నల్ని కలిపేస్తాం. చెప్పిన కారణం నిజమా అన్నది ఒకటి. డబ్బు మనం ఇవ్వవలసిందేనా అన్నది ఇంకొకటి. కారణం నిజమైతే ఇచ్చి తీరాలని, అబద్ధమైతే పైసా ఇవ్వకూడదని లెక్క వేస్తాం. ఆ లెక్క రెండు వైపులా తప్పుతుంది. నిజమైన ఆపరేషనుకే మన శక్తికి మించిన మొత్తం అడగవచ్చు. అబద్ధపు ఆపరేషను వెనక నిజమైన గండం ఉండవచ్చు.

ఈ రెండోది మనం ఎక్కువగా మరిచిపోతాం. మన ఊళ్ళల్లో జబ్బు పరువు తక్కువ కాదు. అప్పు పరువు తక్కువ. చిట్టీ మునిగిందనో, షూరిటీ సంతకం పెట్టి ఇరుక్కున్నాననో, కొడుకు బెట్టింగుల్లో పోగొట్టాడనో అమెరికాలో ఉన్న తమ్ముడి కొడుక్కి చెప్పుకోవడం కన్నా గుండె ఆపరేషనని చెప్పడం సులువు. 2010లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారని వరసగా వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2020 చివర, ఫోనులో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల మీద హైదరాబాదులో పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లవాళ్ళు అప్పు తీసుకున్నవాడి ఫోనులో ఉన్న నంబర్లన్నింటికీ ఫోన్లు చేసి, ఫోటోలు పంపి, పరువు తీసేవారు. అలాంటి చోట నిలబడి మనకు ఫోను చేసిన మనిషి నిజం చెప్పలేదంటే, అతడు మనల్ని మోసం చేస్తున్నాడని వెంటనే అనుకోనక్కర్లేదు. సిగ్గుపడుతున్నాడని కూడా అనుకోవచ్చు.

అందుకే కథ తేడాగా ఉందనిపిస్తే, అబద్ధం పట్టుకోవడానికి కాకుండా దారి తెరవడానికి ఒక మాట అనవచ్చు. "బాబాయ్, ఆసుపత్రి సంగతి సరే, అప్పులు కూడా ఏమైనా ఉన్నాయా? ఉంటే చెప్పు, నేనేమీ అనుకోను." ఈ మాటకు అవతల వైపు చాలాసేపు నిశ్శబ్దం వస్తే, అసలు సంగతి ఆ తర్వాత వస్తుంది. అప్పుడు అవసరం రెండు లక్షలు కాదని, ఎనిమిదని తెలియవచ్చు. లేదా డబ్బు కన్నా ఒక వకీలు, బ్యాంకు మేనేజరుతో ఒక మాట ఎక్కువ అవసరమని తెలియవచ్చు. బెట్టింగు సంగతి అయితే మాత్రం మా అభిప్రాయం కఠినమే. ఆ అబ్బాయి చేతికి డబ్బు ఇవ్వడం సహాయం కాదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు లాంటివి నేరుగా కట్టండి, అతడికి వైద్యం చేయించే దారి చూడండి.

వాకబు చెయ్యడంలో మనం చేసే పెద్ద పొరపాటు ఊళ్ళో ఇంకొకరిని అడగడం. "అత్తయ్యా, సుబ్బారావు మామయ్యకు నిజంగా ఒంట్లో బాగాలేదా?" అని ఒక్కరిని అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మామయ్య కథ అబద్ధమైతే ఆయన తలెత్తుకోలేడు. నిజమైతే ఇంకా ఘోరం, జబ్బుతో ఉన్న మనిషిని అమెరికావాళ్ళు నమ్మలేదన్న మాట మిగిలిపోతుంది. అడగవలసింది ఆ మనిషినే. అదీ పోలీసు అడిగినట్టు కాదు, సాయం చేసేవాడు అడిగినట్టు. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, ఎంతవుతుందన్నారు, ఎస్టిమేటు కాగితం ఫోటో పంపగలవా, పేషెంటు నంబరు ఇస్తే ఆసుపత్రి ఖాతాకే నేను కట్టేస్తాను. నిజమైన అవసరం ఉన్నవాళ్ళకు ఈ మాటలు ఊరటగా ఉంటాయి, వాళ్ళకు తిరుగుడు తప్పుతుంది.

ఆసుపత్రి విషయంలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. ఆరోగ్యశ్రీలో పెట్టారా? 2007లో మొదలైన ఆ పథకం రాష్ట్ర విభజన తర్వాత కూడా రెండు చోట్లా సాగుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల దాకా కేంద్రం 2024 అక్టోబరులో వెసులుబాటు ఇచ్చింది. ఇవన్నీ ఉన్నాయి కదా, మరి డబ్బెందుకని తీర్పు చెప్పెయ్యకండి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ బకాయిల గొడవతో ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవల్ని ఆపిన రోజులున్నాయి. కార్డు పనిచెయ్యలేదని మీ చుట్టం అంటే అది నిజమే కావచ్చు.

పెళ్ళి ఖర్చు దగ్గర మాత్రం కాస్త గట్టిగానే అడగాలి. పెళ్ళి ఖర్చు అన్న మాటలో పందిరి, భోజనాలు, బట్టలతో పాటు కట్నం కూడా దూరి ఉంటుంది. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. మనం పంపిన డాలర్లు ఎవరో పెళ్ళికొడుకు ఇంటికి కారుగా వెళ్తాయంటే, అది మేనకోడలికి మనం చేసిన మేలు కాదు. ఆ పిల్ల పేరనే ఒక డిపాజిట్టు వేస్తామనో, చదువుకయ్యే ఖర్చు పెట్టుకుంటామనో చెప్పవచ్చు. ముందు మొహం మాడ్చుకుంటారు. ఫరవాలేదు.

మనవైపు కథల సంగతి కూడా చెప్పుకోవాలి. వాళ్ళు నిజం చెప్పలేదని మనం బాధపడతాం గానీ, మనం చెప్పేవి ఏమిటి? "ఇప్పుడే ఇల్లు కొన్నాం బాబాయ్, చేతిలో ఏమీ లేదు" అంటాం. మరుసటి వారం హవాయి సముద్రపు ఒడ్డున తీయించుకున్న ఫోటోలు వాళ్ళ ఫోనులోనూ కనిపిస్తాయి. శుక్రుడు నేర్పిన అబద్ధం ఇదే. అంతకన్నా ఎక్కువ బాధ పెట్టే మాట ఇంకొకటి ఉంది, అది "చూద్దాం". మనకు అది మర్యాదగా లేదనడం. అవతలివారికి అది మాట ఇచ్చినట్టు. వాళ్ళు ఆ మాట మీద ఇంకొకరి దగ్గర గడువు అడుగుతారు, వడ్డీ ఒప్పుకుంటారు. మనం ఫోను ఎత్తడం మానేస్తాం. ఇవ్వలేకపోతే ఆ రోజే చెప్పడం దయ. "అంత ఇవ్వలేను. ఇంత ఇవ్వగలను. ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు, కానీ ఇంతకు మించి నన్ను అడగొద్దు." ఇలా చెప్పాక ఆ బంధుత్వం నిలుస్తుంది. భారతంలో ద్రుపదుడు ద్రోణుడికి లేదని చెప్పి ఉంటే కథ అక్కడే ముగిసేదేమో. నువ్వెక్కడ, నేనెక్కడ అన్నందుకే అంత వైరం పెరిగింది.

గీత 17వ అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెబుతారు. తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోసమో, మనసు చిన్నబుచ్చుకునో ఇచ్చేది రాజసం. తగనివారికి ఇచ్చేదే కాదు, మర్యాద లేకుండా, చులకన చేసి ఇచ్చేదీ తామసమే. గంటసేపు ప్రశ్నలతో ఉతికి ఆరేసి, చివరికి విసిరినట్టు వెయ్యి డాలర్లు పంపడం ఏ కోవలోకి వస్తుందో మనమే ఆలోచించుకోవచ్చు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో కూడా ఇవ్వడం గురించి ఉంది. శ్రద్ధతో ఇవ్వు, వినయంతో ఇవ్వు అంటూ వచ్చి, ఎరుకతో ఇవ్వు అని కూడా అంటారు. బలి చేసినది అదే.

అయితే మనం బలి చక్రవర్తులం కాదు. ఇంటి అప్పు ఇంకా ఇరవై ఏళ్ళు ఉంది. పిల్లల కాలేజీ ముందుంది. ఉద్యోగం పోతే వీసా మీద ఉన్నవాళ్ళకు దొరికే గడువు సాధారణంగా 60 రోజులు. 2000లో డాలరుకు 45 రూపాయల చుట్టూ ఉండేది. 2025 డిసెంబరులో 90 దాటింది. ఊళ్ళో ఉన్నవారికి మన వెయ్యి డాలర్లు రెండింతలైనట్టు కనిపిస్తుంది, మన కిరాణా బిల్లు ఎంత పెరిగిందో వాళ్ళకు కనిపించదు. కాబట్టి గృహస్థులకు శుక్రుడు చెప్పిన లెక్క మనకు వర్తిస్తుంది. ఐదో వాటా మనవాళ్ళది. ఐదు సమాన భాగాలు చెయ్యమని మేము అనడం లేదు, ఎవరి శక్తి వారిది. ఏడాదికి ఒక మొత్తం అనుకుని, ఇది రెండు వైపుల చుట్టాలకు అని విడిగా ఒక ఖాతాలో పెట్టుకోండి.

అలా పెట్టుకుంటే అనుమానానికి కూడా ఒక హద్దు దొరుకుతుంది. ఆ వాటాలోంచి ఇచ్చే చిన్న మొత్తాలకు కథ నిజానిజాలు తవ్వక్కర్లేదు. పోయినా మన ఇంటికి లోటు రాదని తెలిసే పక్కన పెట్టాం. పదివేలు, ఇరవైవేల రూపాయల కోసం మేనత్త చేత ఆసుపత్రి కాగితాలు పంపించడం మనకే బాగుండదు. ఆ వాటా దాటి అడిగినప్పుడు మాత్రం విచారించాలి, కాగితం చూడాలి, నేరుగా కట్టాలి. అక్కడ అనుమానం మన పిల్లల పట్ల మన బాధ్యత. అప్పుగా ఇస్తున్నామంటే తేదీ, మొత్తం రాసుకోండి. అప్పు అని నోటితో అంటూ బహుమతి అని లోపల అనుకుంటే, ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళలేరు.

రెండు వైపుల చుట్టాలు అన్నాం కదా. ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. తన వైపువాళ్ళు అడిగితే అవసరంగా, అవతలి వైపువాళ్ళు అడిగితే కథగా వినిపించడం భార్యాభర్తలిద్దరికీ ఉన్నదే. వామన చరిత్రలో విచారమంతా మగవాళ్ళ మధ్య జరిగినా, కాళ్ళు కడగడానికి బంగారు కలశంతో నీళ్ళు తెచ్చినది బలి భార్య వింధ్యావళి. ఆమె చెయ్యి లేకుండా ఆ దానం నడవలేదు. ఎవరి చుట్టమైతే వారే ఫోనులో మాట్లాడండి, నిర్ణయం మాత్రం ఇద్దరూ కలిసి తీసుకోండి. ఆ వంకతో "రేపు చెబుతాను" అనే వీలు కూడా దొరుకుతుంది. "చూద్దాం" లాంటిది కాదు ఇది, రేపు నిజంగా చెప్పాలి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల్ని కూడా మరిచిపోవద్దు. అడిగింది బాబాయి అయినా, మనం కాదంటే రచ్చబండ దగ్గర మాట పడేది నాన్నగారు. కాదనేటట్టయితే ముందు ఆయనకు చెప్పండి.

ఇంతవరకు చెప్పినదంతా ఫోను చేసినది నిజంగా మన చుట్టమే అయినప్పుడు. ఈ మధ్య అది కూడా నమ్మడానికి లేదు. వాట్సాప్‌లో తమ్ముడి ఫోటో పెట్టుకుని, "ఇది నా కొత్త నంబరు, అర్జెంటుగా డబ్బు పంపు" అనేవాళ్ళు మోసగాళ్ళు కావచ్చు. కొద్దిసేపు మాట్లాడిన రికార్డింగు ఉంటే చాలు, కంప్యూటరుతో ఆ గొంతును తయారు చెయ్యవచ్చని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మార్చిలో ప్రజల్ని హెచ్చరించింది. ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక రహస్యపు మాట పెట్టుకోమని ఎఫ్‌బీఐ 2024 డిసెంబరులో సలహా ఇచ్చింది. మనకు అలాంటి మాటలకు కొదవ లేదు, తాతగారి ఎద్దు పేరో, పాత ఇంటి పెరట్లోని చెట్టో చాలు. ఫోను పెట్టేసి, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు తిరిగి చెయ్యండి. ఇక్కడ అనుమానిస్తున్నది ఫోనును, చుట్టాన్ని కాదు. కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఇదే మాట ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు కూడా నేర్పాలి. "మీ అబ్బాయిని అమెరికాలో పోలీసులు పట్టుకున్నారు" అనే ఫోన్లు వాళ్ళకూ వస్తాయి. అక్కడ మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఇక్కడి నుంచి కంపెనీ ద్వారా పంపిన డబ్బును, అవతల ఇంకా ఖాతాలో పడకపోతే, కట్టిన 30 నిమిషాల లోపల సాధారణంగా రద్దు చేసుకునే హక్కు 2013 నుంచి ఉంది. అందుకే పంపిన వెంటనే ఒకసారి పాత నంబరుకు ఫోను చేసి మాట్లాడండి.

పన్నుల గురించి రెండు ముక్కలు. 2026లో ఒక్కొక్కరికి 19,000 డాలర్ల దాకా బహుమతిగా ఇస్తే ఇక్కడ ఫారం నింపే పని కూడా లేదు. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి విదేశాలకు పంపే డబ్బు మీద 1 శాతం పన్ను ఉంది, బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. ఇండియాలో తోబుట్టువులు, తల్లిదండ్రులు పన్ను చట్టం లెక్కలో బంధువులే గానీ, పిన్ని పిల్లలు, పెదనాన్న పిల్లలు కారు. వాళ్ళకు ఏడాదిలో 50,000 రూపాయలు దాటి బహుమతిగా వెళ్తే అది వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది. పెద్ద మొత్తమైతే ఆడిటరును అడగమని వాళ్ళకు ముందే చెప్పండి.

ఈ పాఠాన్ని పిల్లలతో కలిసి చదివేవారికి ఒక మాట. మన పిల్లలు ఇలాంటి ఫోన్లను పక్క గదిలోంచి వింటూనే ఉంటారు. ఫోను పెట్టేశాక మనం ఆ చుట్టాన్ని ఏమన్నామో కూడా వింటారు. ఇండియాలో ఉన్నవాళ్ళంతా డబ్బు కోసమే ఫోను చేస్తారన్న అభిప్రాయం వాళ్ళకు అక్కడే పడుతుంది. వాళ్ళకు కుచేలుడి కథ కూడా చెప్పండి. భార్య పంపితే అటుకుల మూటతో ద్వారక దాకా వెళ్ళి, అడగడానికి నోరు రాక తిరిగి వచ్చాడు ఆయన. మన చుట్టాల్లో అలాంటివారు ఎవరున్నారో, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఏమీ అడగనిది ఎవరో పిల్లలతో కలిసి ఆలోచించండి. ఐదో వాటాలో వాళ్ళ పేరు కూడా రాయండి, ఈ దీపావళికి మనమే ఫోను చేద్దాం.

ఇక వామన చరిత్ర చెప్పినప్పుడు పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. శుక్రాచార్యుడు చెప్పింది నిజమే కదా, మరి ఆయన కన్నెందుకు పోయింది? జవాబు మీరు వెంటనే చెప్పకండి. ముందు వాళ్ళేమంటారో వినండి.